పక్క చూపుతో చూసే ఆయన

ఆయన పోయిన కబురు నాకు మొదట చెప్పింది పూలమ్మే మునెమ్మ. రోజూ లాగే మూర కొలిచి, తుంచి నా చేతిలో పెట్టింది. పెట్టాక గంప నెత్తికెత్తుకోకుండా మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఇంకా ఆరు వీధులు తిరగాల్సిన మనిషి అలా కూర్చుందంటే ఏదో ఉన్నట్టే.

"అక్కా, మీ ఇంటికొచ్చి కంప్యూటరు పెట్టె బాగుచేసే ఆయన లేడా, పక్క సూపాయన... పోయినాడంట. మంగళారం."

"ఎవురు చెప్పినారే?"

"అంగడికి మూడు దినాలుగా తాళమేసి ఉండాది. పక్కన టీ కాసే ఆయప్పను అడిగితే చెప్పినాడు. ఊపిరాడలేదంట. సొంతూరు నగరికి ఎత్తుకోని పోయినారంట."

"పేరేమన్నా చెప్పినాడా?"

"పేరా? అందరూ కార్డాయన అనే గదక్కా అనేది." మునెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనే ఆయన్ని మొదట్లో తప్పుగా అనుకున్న్యా. నీతో గూడా అన్న్యా, జాగ్రత్తక్కా, ఆయన సూపు మంచిది కాదు అని. పాపం తగలకుండా సూడు సామీ."

పూలు దేవుడి పటానికి పెట్టాను. ఒక్క మల్లెపువ్వు తుంచి కంప్యూటరు పెట్టె మీద అతికించి ఉన్న రేకుముక్క దగ్గర పెట్టాను. ఆ రేకుముక్క సంగతి తర్వాత చెబుతాను. ఈ మధ్య రెండు మాటలు రాసేసరికే అలసట వస్తోంది. అయినా ఇది రాయాలి.

మునెమ్మ అన్నది నిజమే. ఆయన ఎవరినీ, దేన్నీ ఎదురుగా చూసేవాడు కాదు. మాట్లాడుతున్నప్పుడు ముఖం గోడకేసి ఉండేది, చూపు మాత్రం కంటి కొసలోంచి వచ్చేది. కొత్తవాళ్లకు అది నచ్చదు. మెల్లకన్నేమో అనుకునేవాళ్లు కొందరు, పొగరనుకునేవాళ్లు కొందరు. మనిషి బక్కపలచన. నుదుటిమీద సన్నటి విభూతి గీత. చేతిలో ఎప్పుడూ పసుప్పచ్చ బట్టసంచి, దాంట్లో పాత చీరముక్కల్లో చుట్టిన కార్డులు, బ్రష్షులు, స్క్రూలు. మా ఇంటి పదకొండు మెట్లు ఎక్కేసరికి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేవాడు. "రవంత అలుపు తీరనీ అమ్మణ్ణీ" అనేది ఆయన రాగానే అనే మాట. నగరిలో చిన్నప్పట్నుంచీ మగ్గాల షెడ్డుల్లో పనిచేశాడు. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మగ్గం వదిలేశాక ఎవరి దగ్గరో కంప్యూటర్లు విప్పడం నేర్చుకుని తిరుపతికి వచ్చి, రైల్వేగేటు దగ్గర సందులో మడిగె పెట్టుకున్నాడు. దాని మీద బోర్డు కూడా అంతకుముందున్న జెరాక్సు అంగడిదే. తీసి వేరేది పెట్టించలేదు. ఆయన గురించి నాకు తెలిసినది ఇంతే. ఇందులో సగం మునెమ్మ చెప్పినదే.

మా ఇంటికి ఆయన ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి.

మా ఆయన బస్సు డ్రైవరు. చిత్తూరు నుంచి బెంగళూరు దారిలో పంతొమ్మిదేళ్లు తోలాడు. మామిడికాయల కాలంలో ఒకరోజు, బంగారుపాళ్యం దాటాక, మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. బస్సులో ఉన్నవాళ్లకు దెబ్బలు తగిలాయి గానీ ఒక్క ప్రాణమూ పోలేదు. దానికి నేను ఇప్పటికీ దేవుడికి దండం పెట్టని రోజు లేదు. మా ఆయనకు మాత్రం కుడి తుంటి విరిగింది. ఆపరేషను చేశారు, ఎముక అతుక్కుంది. మనిషి మాత్రం మంచం దిగలేదు. ముఖం గోడకు తిప్పుకుని పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు.

"ఎముక పని నేను చేశానమ్మా, మిగతాది ఆయనదే" అన్నాడు డాక్టరు. "పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోవాలి. ఇంకో రెండు నెలలు ఇలాగే పడుకుంటే తుంటి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

రెండు నెలలు. నేను లేపి కూర్చోబెట్టేదాన్ని, ఆయన మళ్లీ ఒరిగిపోయేవాడు. నా నడుము పట్టేసేది. ఒక్కోరోజు ఆయనను మంచం మీదికి సర్ది, అక్కడే నేలమీద కూలబడి, ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకునేదాన్ని.

ఇంట్లో కంప్యూటరు ఉండేది, నా టైపింగు పనికోసం. నేను బడికి పోయినదాన్ని కాదు. కార్వేటినగరం పక్కన మా ఊళ్లో, మా నాయన భజన పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నాను. ఆ అక్షరాలే తర్వాత అన్నం పెట్టాయి. ప్రెస్సువాళ్లకు పెళ్లికార్డులు, కర్మక్రియల కార్డులు తెలుగులో టైపు చేసి ఇచ్చేదాన్ని. కంప్యూటరు బల్ల మా ఆయన మంచానికి పక్కనే ఉండేది. ఒకరోజు ఆయనతో పనిచేసిన డ్రైవరు చూడవచ్చి, ఒక సీడీ ఇచ్చిపోయాడు. ఏదో దేశంలో లారీ తోలే ఆట అది. దాన్ని పెట్టాను. తెర మీద రోడ్డు కనబడింది. మా ఆయన గోడవైపునుంచి ఇటు తిరిగాడు. నేను పట్టుకోకుండానే మోచేతుల మీద లేచాడు. దిండు ఆనించాను. కీబోర్డు ఒళ్లో పెట్టాను.

పది నిమిషాలు. అంతే. రోడ్డు సాగుతూ సాగుతూ ఆగేది, మళ్లీ ఎగిరి ముందుకు పడేది. చెట్టు ఇక్కడుంటే మరుక్షణం అక్కడుండేది. ఆయన ముఖం పాలిపోయింది. కీబోర్డు తోసేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాంతి చేసుకున్నాడు.

"ఆపు" అన్నాడు. "ఆపేయ్ దాన్ని. ఆ పొద్దు గూడా ఇట్లే కనపడింది. ముక్కలు ముక్కలుగా."

ప్రమాదం గురించి ఆయన నోరు తెరవడం అదే మొదటిసారి. మళ్లీ గోడకు తిరిగిపోయాడు. నాకు మాత్రం ఒక సంగతి పట్టుబడింది. దారి తెగకుండా సాగితే ఈ మనిషి కూర్చుంటాడు.

కాలేజీ పిల్లలు ఆడుకునే గేముల సెంటరుకు పోయి అడిగాను. తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మార్చాలన్నారు. ఎవరు ఆడతారని అడిగి, చెప్పాక, ఒకరినొకరు చూసుకుని నవ్వారు. రెండు అంగళ్లలో కూడా అదే నవ్వు. మూడోది ఆయన మడిగె.

"ఎవురు ఆడేది?" అన్నాడు గోడను చూస్తూ.

"మా ఇంటాయన."

"వయసు?"

"నలభై ఎనిమిది."

ఆయన నవ్వలేదు. "ఎట్ల కూసుంటాడు? ఎదురుగానా, పక్కనా?"

ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మంచం బల్లకు పక్కనుంటుందని చెప్పాను. ఆయన సంచి తీసుకుని లేచాడు. కార్డు పెట్టుకున్నారా అని అడిగితే, "కార్డు సంగతి తర్వాత. ముందు ఉండేదాన్ని అడుగుదాం" అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. కొత్తది కొనమని వచ్చినవాళ్లకు పాతదాన్నే సర్ది పంపేవాడని తర్వాత తెలిసింది. ఆ బేరానికి డబ్బు నిలవకే ఆ మడిగె బోర్డు మారలేదేమో.

ఇంటికొచ్చి అలుపు తీర్చుకున్నాక, కంప్యూటరు ముందు నేను కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. నేరుగా పోయి మంచం అంచున, మా ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ముఖం కిటికీ వైపు. చూపు కొసలోంచి తెరవైపు. అలా చాలాసేపు ఉన్నాడు. మా ఆయనకు చిరాకేసింది.

"ఏమప్పా, కిటికీలోంచి ఏం సూస్తా ఉండావు?"

"మీ ఇంటి తెర సూస్తా ఉండానన్నా. వణుకుతా ఉండాది."

"నా కండ్లే వణుకుతా ఉండాయనుకున్న్యా."

"నీ కండ్లు బాగుండాయి. అమ్మణ్ణీ ఎదురుగా కూసుంటాది గాబట్టి ఆమెకు తెలీదు. పక్క సూపుకు వణుకు బాగా దొరుకుతాది. నువ్వు పండుకోని నెలలుగా ఆ వణుకే సూస్తా ఉండావు, గోడకు తిరిగినా ఆ వెలుగు గోడమింద పడతాది గదా. తలనొప్పి ఉండాదా?"

మా ఆయన తల ఊపాడు. నెలల తరబడి ఆ తలనొప్పి ప్రమాదం వల్లే అనుకున్నాం మేము.

మాది పాతకాలపు డబ్బా తెర, సెకనుకు అరవైసార్లు వెలిగి ఆరేట్టు పెట్టి ఉందట. కొన్నప్పట్నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. ఎనభై అయిదుకు మార్చాడు. అంతే, పైసా పని లేదు. నేను కూడా ఆయన చెప్పినట్టు కిటికీని చూస్తూ కంటికొసతో చూశాను. తెర నిలబడి ఉంది, దీపానికి చెయ్యి అడ్డం పెట్టినట్టు.

మగ్గం మీద గుడ్డలో తప్పు దారం కూడా అలాగే దొరుకుతుందట, ఎదురుగా చూస్తే కాదు, పక్కనుంచి చూస్తే. ముప్పై ఏళ్లు అలా చూసి చూసి మెడ అలాగే ఉండిపోయింది. చూపు మంచిది కాదన్న మునెమ్మ మాట నాకప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

దారి మాత్రం ఇంకా ఎగురుతూనే ఉంది. ఆటలో చెట్లూ ఇళ్లూ తగ్గించేస్తే కాస్త సాగింది. మా ఆయన రెండు నిమిషాలు తోలి, "చెట్లు లేని దారి యాడన్నా ఉండాదా? ఇది రోడ్డు గాదు, పలక మింద గీసిన గీత" అన్నాడు. కార్డాయన నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు తగ్గాక, "సరే, దీన్ని అడిగేసినాం. ఇంక కార్డు కావల్ల" అని ఒప్పుకున్నాడు.

"మగ్గం సూసినావా అమ్మణ్ణీ?" అన్నాడు నాతో. "నాడె అటూఇటూ పోయి అడ్డదారం, అదే పేక, పరస్తాది. దువ్వెన మాదిరి పన్నె వచ్చి దాన్ని కొట్టి బిగిస్తాది. కార్డు నాడె, తెర పన్నె. తెర సెకనుకు ఇన్నిసార్లని కొడతానే ఉంటాది. నాడె ఆలస్యమైతే, పేక రాకముందే పన్నె కొడతాది. అప్పుడు?"

"గుడ్డ చెడిపోతాది."

"మీ ఆయన సూసిన దారి ఆ గుడ్డే."

నాలుగు రోజులకు కార్డు తెచ్చాడు. గేముల సెంటరువాళ్లు ఇంకా పెద్దది వేసుకుని తీసేసినది. చీరముక్కలోంచి తీసేముందు కిటికీ ఊచను రెండు వేళ్లతో తాకాడు, గుడి గడపను తాకినట్టు. నేను దండమనుకున్నాను.

"దండం గాదు. ఒంట్లో ఉండే కరెంటు ఇనుములోకి దిగిపోవల్ల. అట్లే ముట్టుకుంటే కార్డు సచ్చిపోతాది."

నాకు మాత్రం అది మడి లాగానే తోచింది. ఆ తర్వాత ఆ పెట్టె తుడిచేటప్పుడు కూడా నేను ఊచను తాకకుండా ముట్టుకోలేదు.

కార్డు వేశాడు. దానికి చిన్న ఫ్యాను ఉంది, ఉంగరమంత. వేడెక్కకుండా పెట్టె పక్కమూత తీసే ఉంచాడు. బొమ్మ సైజు ఒక మెట్టు తగ్గించి, తెరను నూరుకు పెట్టాడు. "నాడె నూరు ఇస్తాది, పన్నె నూరు కొడతాది. తోలన్నా" అన్నాడు.

రోడ్డు కదిలింది. నేను మాటల్లో చెప్పలేను. గిన్నె వంచితే నూనె జారినట్టు సాగింది. చెట్లు వచ్చాయి, వెనక్కి పోయాయి, ఒక్కటీ ఎగరలేదు. మా ఆయన నడుము తనంతట తనే నిటారయింది. కాసేపటికి నోట్లోంచి "రైట్ రైట్" అని వచ్చింది.

"నగరికి ఒకటియ్యన్నా" అన్నాడు ఆయన మంచం అంచునుంచి.

"ఈ బస్సు నగరికి పోదప్పా. పుత్తూరులో దిగి మారల్ల."

"నిలబడి గూడా పోతా."

"కూసో, సీటుండాది. చిల్లర తీసిపెట్టుకో."

ఆ రోజు మా ఆయన గంటా పది నిమిషాలు కూర్చున్నాడు. నేను వంటింట్లోకి పోయి, దేవుడి ముందు కాదు, పొయ్యి ముందే నిలబడి చేతులు జోడించాను.

ఇక నా తప్పు చెప్పాలి.

నెల గడిచింది. డాక్టరు సంతోషించాడు. ఊతకర్రతో నాలుగు అడుగులు వేయించాడు. ఆయుధ పూజ వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు మా ఆయన డిపోలో బస్సు కడిగి, స్టీరింగుకు గంధం పూసి, కుంకుమబొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి గానీ కదిలించేవాడు కాదు. ఆ ఏడు పొద్దున్నే మంచం మీద కూర్చుని, "బండికి బొట్టు పెట్టవా?" అని అడిగాడు. ఏ బండి అన్నాను. కంప్యూటరు చూపించాడు.

నాకెంత ఆనందమో. స్నానం చేసి, గంధం తీసి, పెట్టె ఆపి, కిటికీ ఊచను తాకాను. అది మాత్రం మరిచిపోలేదు. మూత తీసే ఉంది కదా, లోపల కార్డు కనబడుతోంది. చక్రంలాగా తిరిగేది ఆ ఫ్యానే. చక్రానికే కదా బొట్టు. తడి గంధం నిండుగా పూసి, దానిమీద కుంకుమ పెట్టాను. ముందు నిమ్మకాయ పెట్టి, హారతిచ్చి, "ఇప్పుడు తోలు" అన్నాను.

పావుగంట బాగానే సాగింది. తర్వాత రోడ్డు మీద రంగురంగుల గళ్లు లేచాయి. అడ్డగీతలు. దారి తెగింది. తెర నల్లబడింది.

మా ఆయన కీబోర్డు మెల్లిగా పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను పరుగున మడిగెకు పోయాను. చెప్పులు కూడా వేసుకోలేదు. పూజరోజు కాబట్టి ఆయన కూడా తన స్క్రూడ్రైవరుకు బొట్టు పెడుతున్నాడు. చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన వచ్చి కార్డు ఊడదీసి, వెలుతురుకు పెట్టి, పక్క చూపుతో చూశాడు. గంధం ఎండి ఫ్యాను ఇరుసు పట్టేసింది. కింద నల్లగా మాడింది. మా ఆయన వీపు మావైపే ఉంది.

"అన్నా" అన్నాడు ఆయన ఆ వీపుతో. "పీసే మంచిది గాదు. సెంటరోళ్లు దీన్ని రాత్రింబగళ్లు తిప్పినారు. నేను సూసుకోకుండా తెచ్చిచ్చినా. తప్పు నాది. ఇంగోటి తెస్తా, మద్రాసు నించి రావల్ల, పది దినాలు పడతాది."

ఎవరి మీదా నింద పడకుండా చూసే మనిషి ఆ అబద్ధం ఆడడం నా కోసమని నాకు తెలుసు. నోరు తెరవబోయాను. ఆయన నావైపు ఒక్కసారి, ఎదురుగా, చూశాడు. ఆయన నన్ను ఎదురుగా చూసింది అదొక్కసారే. నోరు మూసుకున్నాను.

టైపింగుకు పాత ఏర్పాటే చాలు కాబట్టి నా పనికి ఇబ్బంది లేదు. మా ఆయనే, రెండు రోజులు లేవలేదు. మూడో రోజు మధ్యాహ్నం కార్డాయన వచ్చాడు. సంచి లేదు. అలుపు తీర్చుకుని, మంచం అంచున కూర్చుని, "అన్నా, నేను నగరినించి ఈడికి రావడమే గానీ పడమటికి ఎప్పుడూ పోలేదు. ఆ దారి ఎట్లుంటాదో చెప్పు" అన్నాడు.

"కార్డు లేదు గదప్పా."

"లేకుంటే ఏం? ముందు ఉండేదాన్ని అడుగుదాం. దారి నీ తలకాయలో లేదా? నువ్వు తోలు, నేను కూసుంటా. నువ్వు పండుకోని తోలితే మాత్రం నేను దిగిపోతా."

మా ఆయన నవ్వలేదు గానీ, లేచి కూర్చున్నాడు.

ఆ రోజు చిత్తూరు బస్టాండు దాటడానికే గంట పట్టింది. ఏ మలుపులో ఏ టీ కొట్టు, ఎక్కడ గేదెలు అడ్డం వస్తాయి, ఏ స్పీడు బ్రేకరు రాత్రికి రాత్రి మొలిచింది, ఏ ఊరి ముసలమ్మ చెయ్యెత్తకుండానే బస్సు ఆపాలి. ఆయన మధ్యలో "ఇప్పుడెంత స్పీడు?" "హారన్ కొట్టలేదే?" అని అడిగేవాడు. మా ఆయన కసిరేవాడు. "నువ్వు పాసింజరువా, చెకింగు ఇనస్పెక్టరువా?" నేను టైపు చేస్తున్నట్టు కూర్చుని ఒక్క అక్షరం కూడా కొట్టలేదు.

నాలుగో రోజు బంగారుపాళ్యం వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర మామిడి పులిసిన వాసన కిటికీల్లోంచి ఎలా కొడుతుందో చెప్పి, మా ఆయన ఆగిపోయాడు. ఆయన కిటికీని చూస్తూ, "తర్వాత?" అన్నాడు.

"తర్వాత మలుపు."

"ఊఁ."

"లారీ కనపడింది. దాని పక్కకు గాదు, నా పక్కకొచ్చేసింది." మా ఆయన చేతులు లేని స్టీరింగును పట్టుకుని ఉన్నాయి. "బ్రేకు తొక్కినా, నిలబడలేదు. పూర్తిగా ఎడమకు తిప్పితే కాలవ. బస్సు పల్టీ కొడతాది. నేరుగా పోతే ముందర వరసలో బిడ్డతల్లి కూసోనుండాది, డోరు పక్కన. రవంత కోసినా. ఎడమకు రవంతే. నేను కూసున్న మూల దానికిచ్చినా."

ఆగకుండా చెప్పాడు. ముక్కలు లేవు. మొదటినుంచి చివరిదాకా ఒకే దారి. తన మూల ఇచ్చాడన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. బహుశా ఆయనకూ తెలియదు, అలా వరసగా చూసేదాకా.

"అందరూ దిగినారా అన్నా?"

"దిగినారు."

"బిడ్డతల్లి?"

"బిడ్డనెత్తుకోని దిగింది."

"అయితే బస్సు పోయి సేరినట్టే" అన్నాడు ఆయన. అని, దగ్గు ముంచుకొచ్చి, నేనిచ్చిన నీళ్లు తాగి, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయాడు.

మద్రాసు నుంచి కార్డు వచ్చింది. వేశాడు. మా ఆయన తోలాడు, బాగానే ఉందన్నాడు, గంట కూర్చున్నాడు. కానీ ఆ తర్వాతి నెలల్లో ఆట తక్కువై నడక ఎక్కువయింది. ఇప్పుడు కర్రతో మా వీధి చివరిదాకా పోయి వస్తాడు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు ముందురోజు పిలవకుండానే కార్డాయన వచ్చాడు. చేతిలో రూపాయిబిళ్ల అంత రేకుముక్క. పెట్టె పైన, బయట, మధ్యన అతికించాడు. "బొట్టు ఈడ పెట్టమ్మణ్ణీ. ఎంత గంధమన్నా పూసుకో" అన్నాడు గోడను చూస్తూ. బొట్టు పెట్టొద్దని మాత్రం అనలేదు.

అప్పటికే ఆయన దగ్గు ముదిరింది. ఆరోగ్యానికి అర్చన చేయిస్తాను, పేరూ గోత్రమూ చెప్పమన్నాను. "డ్రైవరన్న పేరుమింద చేయించు. ఆయన నడిస్తే నాకు మెట్లెక్కే పని తప్పుతాది" అన్నాడు. ఇంకోసారి అడిగాను. నవ్వి దగ్గాడు. పట్టుబట్టి మూడోసారి అడగవలసింది. పిలిస్తే పలికే మనిషికి పేరు ఎందుకులే అనుకున్నాను. నా బద్ధకం అది. అలసట అని పేరు పెట్టుకున్నాను గానీ బద్ధకమే.

మునెమ్మ కబురు చెప్పిన రోజు సాయంత్రం మా ఆయన నడకనుంచి వచ్చాక చెప్పాను. కర్ర గోడకు ఆనించి, మంచం అంచున, కార్డాయన కూర్చునే చోటే కూర్చున్నాడు. "పాపం, నాకు అబద్ధం చెప్పేదానికి ఎంత కష్టపడినాడో" అన్నాడు.

"ఏం అబద్ధం?"

"పీసు మంచిది కాదని. ఇల్లంతా గంధం మాడిన వాసనొస్తా ఉంటే నాకు తెలీదనుకున్న్యారా ఇద్దురూ?"

"మరి ఒక్కనాడన్నా అనలేదే?"

"ఆయప్ప అంత కష్టపడి మూసినదాన్ని నేనెందుకు తెరవల్ల?" అని, "నిన్ను అనేదానికి నాకు మాత్రం నోరెట్లొస్తాది" అన్నాడు.

ఎంతమంది కర్మక్రియల కార్డులు టైపు చేశానో ఈ చేతులతో. ఎవరో తెలియనివాళ్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పు పోకుండా మూడుసార్లు సరిచూసి. ఆ సాయంత్రం ఆయనకోసం ఒక కార్డు మొదలుపెట్టాను, ఎవరికీ పంచడానికి కాదు. పేరు దగ్గర ఆగిపోయాను. అలాగే ఉంది ఆ ఖాళీ.

ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, మీ వాళ్ల పేర్లన్నీ అయిపోయాక, ఒక్క క్షణం ఆగండి. నగరినుంచి వచ్చిన ఒక నేతమనిషి, మెట్లెక్కి అలిసిపోయి గుమ్మం పట్టుకుని నిలబడినవాడు, ముఖం కిటికీకి తిప్పుకుని కంటికొసతో మా బాధను చూసినవాడు. ఆయనను తలుచుకోండి. పేరు నేను ఇవ్వలేను.